మా నాయనమ్మ వదలని దారి

నా చిన్నప్పుడు భీమవరం దగ్గర మా ఊళ్లో వరి చేలు ఒక్కొక్కటే రొయ్యల చెరువులైపోతుండేవి. మా పేట నుంచి సమాధుల దొడ్డికి వెళ్లే పుంతదారిని కూడా ఒక ఆసామి తన చెరువు గట్టులో కలిపేసుకుని, ముళ్లకంచె వేయించాడు. పెద్దల దగ్గరికి వెళ్లి అడిగితే, చుట్టూ తిరిగి పొమ్మన్నారు. వానలు పడితే ఆ చుట్టుదారి మోకాలి లోతు బురద.

ఆ వానల్లోనే మా తాతయ్య పోయారు.

పాస్టరుగారు ప్రార్థన ముగించేసరికి చెరువు కాపలా మనిషి వచ్చాడు. శవం గట్టు మీదుగా వెళ్తే రొయ్యలకు తెగులు తగులుతుందని, కంచె తీయవద్దని ఆసామిగారు చెప్పమన్నారన్నాడు. మా నాన్న వసారాలో ఉన్న గునపం అందుకున్నాడు. గట్టు తెగ్గొట్టి చెరువంతా కాలవలో కలిపేస్తానని బయల్దేరాడు. నాకూ ఒళ్లు మండిపోయింది. నాన్న ఆ గట్టు తెగ్గొడితే కళ్లారా చూడాలనిపించింది.

నాయనమ్మ శవపెట్టె దగ్గర నుంచి లేచి వచ్చి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఏడ్చి ఏడ్చి అప్పటికే ఆవిడ గొంతు బొంగురుపోయింది.

“ఆ గునపం ఇలా ఇవ్వరా.”

“తప్పుకోమ్మా. ఇవాళ కూడా ఊరుకోమంటావా?”

“ఊరుకోమని ఎవరన్నారు? యేసయ్య క్షమించమన్నాడు గానీ, దారొదిలెయ్యమనలేదు. నువ్వు గట్టు తెగ్గొడితే నిన్ను స్టేషన్‌కి తీసుకుపోతారు, దారి ఆయనదే అవుద్ది. మీ నాన్నని మొయ్యడానికి నువ్వు కావాలి నాకు.”

నాన్న గునపం ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. నాయనమ్మ ఆయన తల మీద చెయ్యి వేసి, అందరూ వినేలా ప్రార్థన చేసింది. ఆ ఆసామిని క్షమించే మనసు తనకూ ఇంకా రాలేదని, అదేదో ఇప్పుడే ఇమ్మని దేవుణ్ణి నిలదీసినట్టు అడిగింది. నాన్న గునపం వదిలేసి, చంటిపిల్లాడిలా ఏడ్చేశాడు.

తర్వాత ఆవిడే ముందు నడిచింది. వెనక నాన్న భుజం మీద పెట్టె, దాని వెనక పాడుతూ పేటంతా. కంచె దగ్గర కాపలా మనిషి కర్ర ఎత్తాడు.

“తప్పుకో నాయనా. మా ఆయన్ని తీసుకెళ్తున్నాను,” అంటూ నాయనమ్మ ముళ్లకంపను ఒట్టి చేతులతో లాగింది. అరచేతులు గీరుకుపోయి రక్తం కారింది. అయినా లాగుతూనే ఉంది. అది చూసి అతను కర్ర దించేశాడు. తాతయ్యను ఆ గట్టు మీదుగానే తీసుకెళ్లాం.

సాయంత్రం ఆసామి మోటారు సైకిలు మీద వచ్చి, ఎంత ధైర్యమని వాకిట్లో కేకలేశాడు. నాయనమ్మ కుర్చీ వేయించింది.

“కూర్చోండి. మిమ్మల్ని పొద్దున్నే క్షమించేశానండి. కంచె మాత్రం మళ్లీ వెయ్యకండి. వేస్తే మళ్లీ తీస్తాం.”

ఆ మాట ఆయన కళ్లలోకి చూస్తూ చెప్పింది. ఆయన కూర్చోకుండానే బండెక్కి వెళ్లిపోయాడు. కంచె మళ్లీ పడలేదు.

నాకు అన్యాయం చేసినవాళ్లు ఆ తర్వాత చాలామందే తగిలారు. వాళ్ల కోసం ప్రార్థన చేస్తాను, కొన్నిసార్లు పళ్లు బిగించుకునే చేస్తాను. కోపం దిగాక వెళ్లి, నాకు దక్కాల్సింది నిలబడి అడుగుతాను. క్షమించిన మనిషి తల దించుకోనక్కర్లేదు. నేను ఇంతవరకూ దించలేదు.