నొప్పి తగ్గిన తర్వాత

మా బావ టవర్ క్రేను నడుపుతాడు. నేను కింద నిలబడి వాకీటాకీలో ఎత్తు, ఆపు, మెల్లగా దించు అని చెబుతుంటాను. అంటే పనిలో ఉన్నంతసేపూ ఆయన నా మాట వినాల్సిందే. ఇంటికెళ్తే మాత్రం మా అక్క ముందు ఇద్దరం నోరు మూసుకోవాల్సిందే. బావకి కళ్ళు నెత్తికెక్కాయని కూలీలు గొణిగేవాళ్ళు. పొద్దున నిచ్చెనెక్కితే సాయంత్రం దాకా దిగని మనిషికి కళ్ళు ఇంకెక్కడుంటాయని నేను వెనకేసుకొచ్చేవాణ్ణి.

పైన క్యాబిన్‌లో మరుగుదొడ్డి ఉండదు. అందుకని బావ వయసులో ఉన్నప్పటి నుంచే పనివేళల్లో నీళ్ళు తాగడం మానేశాడు. అరవై దగ్గరపడ్డాక అదీ చాల్లేదు. కిందికి దిగగానే రేకుల మరుగుదొడ్డిలోకి దూరేవాడు, ఎంతకీ బయటికి వచ్చేవాడు కాదు. "బావా, అక్కడే కాపురం పెట్టేశావా?" అని నేను తలుపు బాదేవాణ్ణి. మొదట్లో లోపల్నుంచి తిట్లు వినిపించేవి. తర్వాత తర్వాత మూలుగు వినిపించింది. నేను తలుపు బాదడం మానేశాను.

చివరికి అక్క పట్టుబట్టి ఆస్పత్రికి లాక్కెళ్ళింది, తోడుగా నేనూ వెళ్ళాను. డాక్టరు స్కానింగు చూసి, ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బి మూత్రం వచ్చే దారిని నొక్కేస్తోందన్నాడు. "క్యాన్సర్ కాదు. కానీ మీరు వెళ్ళొచ్చాక కూడా మూత్రపు సంచిలో చాలా మిగిలిపోతోంది. మాత్రలతో కొన్నాళ్ళు నెట్టుకురావచ్చు గానీ, మీకు ఆపరేషనే మంచిదని నా ఉద్దేశం. పొట్ట కొయ్యం. మూత్రం వచ్చే దారిలోంచే పరికరం పంపి, అడ్డుపడిన కండ తీసేస్తాం. లేజర్‌తోనూ చెయ్యొచ్చు."

బావ కాసేపు నీళ్ళు నమిలాడు. "మరి... మగతనం?" అన్నాడు గోడకేసి చూస్తూ. అక్క చటుక్కున కిటికీ వైపు తిరిగి రోడ్డు మీద బళ్ళు చూడసాగింది.

"దానికి చాలామందిలో ఢోకా ఉండదు. వీర్యం మాత్రం బయటికి రాకుండా వెనక్కి, సంచిలోకి పోవచ్చు. దానివల్ల ప్రమాదం లేదు."

బావ చెవిలో ఆ 'వెనక్కి' ఒక్కటే పడినట్టుంది. మాత్రలే చాలన్నాడు.

మాత్రలతో కొంచెం గుణం కనిపించింది. కానీ లేచి నిలబడితే కళ్ళు తిరిగేవి. ఒకరోజు నిచ్చెన సగంలో లోకమంతా గిర్రున తిరిగి, మెట్టుని కావలించుకుని ఉండిపోయాడట. మందు మార్చమని డాక్టర్ని అడగాలి కదా, ఏ మనిషైనా! ఈ మొండిఘటం మాత్రలు మానేసి ఊరుకున్నాడు. అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. ఆపరేషన్ మాటెత్తితే, ఇంకో అంతస్తు లేవనీ అని మీనమేషాలు లెక్కపెట్టాడు.

ఆ తర్వాత నొప్పి తగ్గిపోయింది.

"నయమైపోయిందిరా! ముక్కాల్సిన పన్లేదు, దానంతటదే వచ్చేస్తోంది" అన్నాడు నాతో, పెళ్ళికొడుకులా వెలిగిపోతూ. అక్క మాత్రం నన్ను వంటగదిలోకి పిలిచి, పక్కబట్టలు రోజూ తడుస్తున్నాయని, అడిగితే గిన్నె విసిరికొట్టాడని చెప్పి కళ్ళొత్తుకుంది. పాదాలు వాచి బూట్లు పట్టడం మానేశాయి. మొహం పాలిపోయింది. తిండి పక్కకి నెట్టేసి, అన్నీ ఇనుము రుచి వస్తున్నాయనేవాడు. బొడ్డు కింద పొట్ట గట్టిగా ఉబ్బి కనిపించేది. డాక్టరు దగ్గరికి వెళ్దాం రమ్మని నేను పోరుపెడితే ఒకటే జవాబు, "నొప్పి లేదుగా!"

ఒక మధ్యాహ్నం ఇనుప కడ్డీల కట్ట పైకి లేచింది. కింద సెంట్రింగు వాళ్ళు పనిలో ఉన్నారు. కట్ట వాళ్ళ నెత్తి మీదికి వచ్చి ఆగిపోయింది. ముందుకి తిప్పమన్నాను. కదల్లేదు.

"బావా, వినపడుతోందా?"

కట్ట గాలికి అటూ ఇటూ ఊగుతోంది. పరిగెత్తండని జనం మీద అరిచాను. అప్పుడు వాకీటాకీలో బావ గొంతు వచ్చింది, నిద్రలోంచి వచ్చినట్టు.

"ఎవరు?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇన్నేళ్ళుగా రోజంతా చెవిలో మోగే నా గొంతు ఆయనకి తెలియలేదు. పసిపిల్లాడికి చెప్పినట్టు ఒక్కో మాటా చెప్పి, ఆ కట్టని ఖాళీ నేల మీదికి దింపించాను. ఇంకేమీ ముట్టుకోకుండా కూర్చోమన్నాను. ఇద్దరు కూలీలు పైకెక్కి, బావ నడుముకి తాళ్ళు కట్టి దింపారు.

అదే ఆస్పత్రి, అదే డాక్టరు. మూత్రానికి గొట్టం వేయగానే మంచం కింద సంచి నిండింది. మార్చారు. అదీ నిండసాగింది.

"నొప్పి తగ్గింది జబ్బు తగ్గి కాదమ్మా" అన్నాడు డాక్టరు అక్కతో, రక్తపరీక్ష కాగితం చూస్తూ. "లోపలి సంచి సాగిపోయి, నిండినా తెలియకుండా పోయింది. వచ్చిందంతా పొంగి కారిందే. ఆ ఒత్తిడి వెనక్కి తన్ని కిడ్నీలు దెబ్బతిన్నాయి. రక్తంలో మలినాలు పేరుకునే ఆయనకి అలా మతి తప్పింది."

మర్నాటికి బావకి కొంచెం తెలివొచ్చింది. విషయం విన్నాడు. "సరే, చేసెయ్యండి. ఇవాళే చేసెయ్యండి ఆపరేషన్."

"ఇప్పుడు చెయ్యలేం. ముందు కిడ్నీలు కోలుకోవాలి. ఆ తర్వాత అడ్డు తీసినా, సంచికి పిండే బలం తిరిగొస్తుందని మాటివ్వలేను. రాకపోతే గొట్టమే."

"కిడ్నీలు కోలుకోకపోతే?" అంది అక్క.

"రేపటి రక్తపరీక్ష చూద్దామమ్మా" అని డాక్టరు పక్క మంచం వైపు తిరిగాడు.

బావ నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ చేతిలో పట్టు లేదు. "నేను ఒప్పుకున్నానని చెప్పరా ఆయనకి" అన్నాడు. "భయపడనని చెప్పు. నువ్వు చెబితే వింటాడు." డాక్టరుకి అంతా వినబడుతూనే ఉంది. నాకు ఏడుపు ఆగలేదు.