కండక్టరమ్మ గొంతు, పిన్ని గిటారు

మా పిన్ని కర్టెన్ల దుకాణంలో పని చేస్తుంది. కొలతలు తీసుకోవడం, గుడ్డ కత్తిరించడం, ఇళ్ళకీ ఆఫీసులకీ వెళ్ళి కడ్డీలు బిగించి తగిలించి రావడం. కర్టెన్ అంచు ఒక పక్క కాస్త కిందికి దిగిందంటే ఆవిడకి ఒళ్ళు మండుకొస్తుంది. ఎవరినైనా చూడ్డానికి వెళ్ళినా కుదురుగా కూర్చోదు. "ఒక్క నిమిషం" అంటూ లేచి, వాళ్ళ కర్టెన్ సర్దేసి వచ్చి కూర్చుంటుంది. బాబాయి తల పట్టుకుంటాడు.

అలాంటి మనిషి చేతికి గిటారు దొరకడం, ఏం చెప్పను, ఆవిడ కర్మ.

ఒక ఆఫీసులో నిచ్చెన మీంచి పడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పేసరికి వేళ్ళు కొయ్యబారిపోయాయి. బంతి నొక్కండి, వేళ్ళు ఆడించండి అన్నారు ఆసుపత్రిలో. బంతి నొక్కడం పిన్నికి పరమ విసుగు. పైవాటాలో అద్దెకున్న అమ్మాయి ఖాళీ చేస్తూ వదిలేసి వెళ్ళిన గిటారు అటక మీద ఉంటే దింపి, దుమ్ము దులిపి, ఫోనులో చూస్తూ నేర్చుకోవడం మొదలెట్టింది. ఏడాది తిరిగేసరికి వేళ్ళూ సాగాయి, పాట వెనకాల వాయించడమూ వచ్చింది.

అక్కడితో ఆగుంటే బాగుండేది. కానీ ఆవిడకో ఆడపడుచు ఉంది.

బాబాయి వాళ్ళక్క సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైంది. ఇంట్లో అందరూ కండక్టరమ్మ అనే అంటారు. ముందు తలుపు దగ్గర నిలబడి ఒక్క కేక వేస్తే వెనక మెట్టు మీద వేలాడేవాడు కిక్కురుమనకుండా లోపలికి జరిగేవాడట. పాడుతుంది కూడా. నిజంగానే బాగా పాడుతుంది. డిపోలో సిబ్బందికి కొత్త విశ్రాంతి హాలు తెరుస్తుంటే, పాతవాళ్ళ తరఫున ఒక పాట పాడమని కబురొచ్చింది.

"గిటారు నువ్వే వాయించాలమ్మా. మనింటి మనిషి ఉండగా బయటివాళ్ళెందుకు?" అని కండక్టరమ్మ తేల్చేసింది.

ప్రతి ఆదివారం ముందుగదిలో సాధన. మొదటి చరణం పాలలో నీళ్ళలా కలిసిపోయేది. రెండో చరణానికి ఎక్కడో చిన్న గరుకు. మూడో చరణానికి గిటారు ఒక దారి, గొంతు ఒక దారి.

"నీ గిటారు శ్రుతి దిగిపోతోందమ్మాయ్" అనేది కండక్టరమ్మ, నొప్పించకూడదన్నట్టు మెల్లగా.

పిన్ని మొహం ఎర్రబడేది. మరలు తిప్పి తీగలన్నీ కాస్త బిగించేది. మళ్ళీ మొదలు. మళ్ళీ దిగిపోయేది. మళ్ళీ బిగింపు. ఒకరోజు అలా బిగిస్తుంటే సన్నతీగ టప్పున తెగి చెంప మీద చుర్రుమని గీసుకుంది. "దీని మొహం మండ!" అని పిన్ని గిటారుని సోఫా మీద పడేసి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కడగడం మొదలెట్టింది. అప్పటికే కడిగిన గిన్నెలు.

గిటార్లు అమ్మే అతన్ని అడిగింది. అతను తీగని మరకి చుట్టు మీద చుట్టు ఎక్కకుండా ఎలా చుట్టాలో చూపించాడు. కొత్త తీగల్ని చేత్తో మెల్లగా లాగి సాగదీయాలన్నాడు. స్వరం కాస్త ఎక్కువైతే అక్కడికక్కడ దించకండి, బాగా కిందికి దించేసి మళ్ళీ పైకి తెచ్చి ఆపండి, అప్పుడు నిలబడుతుంది అన్నాడు. తీగ పట్టెయ్యకుండా జారేందుకు, అది కూర్చునే గాడిలో పెన్సిలు ముల్లు రుద్దమన్నాడు. "అంత బలంగా నొక్కకండి మేడమ్, నొక్కినకొద్దీ స్వరం పైకి పోతుంది" అని కూడా అన్నాడు.

పిన్ని అన్నీ చేసింది. దుకాణంలో కత్తెర ఆడిస్తూ కూడా అదే ధ్యాస. గిటారుని కిటికీ దగ్గర్నుంచి తీసి నీడన పెట్టింది. గాలికి తీగలు వదులవుతాయేమోనని ఫ్యాను ఆపించింది. ఉక్కపోతకి బాబాయి వార్తాపత్రికతో విసురుకుంటూ, "నువ్వు వాయించేది తక్కువ, మెలిపెట్టేది ఎక్కువ" అన్నాడు. పిన్ని చూసిన చూపుకి పత్రిక అడ్డం పెట్టుకున్నాడు.

మళ్ళీ ఆదివారం. మూడో చరణం. మళ్ళీ అదే గొడవ.

ఆ వారం గిటారు తలకి తగిలించే చిన్న క్లిప్పు ఒకటి కొనుక్కొచ్చింది. స్వరం సరిగ్గా ఉంటే పచ్చలైటు, తప్పితే ఎర్రలైటు. ఆదివారం కండక్టరమ్మ మూడో చరణం ఎత్తుకుంది. గొంతు, గిటారు ఎడమొహం పెడమొహం. పిన్ని ఒక్కో తీగా మీటి చూసింది. పచ్చ. పచ్చ. ఆరూ పచ్చే.

పిన్ని చెయ్యి ఆగిపోయింది. గిటారు ఎక్కడికీ పోలేదు. ఆడపడుచే మెట్టు మెట్టుగా పైకి ఎక్కిపోతోంది.

కండక్టరమ్మ వెళ్ళాక బాబాయిని నిలదీసింది. "దిగేది గిటారు కాదు. మీ అక్కే పైకి పోతోంది."

బాబాయి చెప్పులు వెతుక్కున్నాడు. "చిన్నప్పట్నుంచీ అంతేలే."

"మీకు తెలుసా?"

"అందరికీ తెలుసు. ఎవరు చెబుతారు దానికి?"

"మరి నాకు చెప్పొచ్చుగా! తీగలు తెంపుకుని, చెంప చీరుకుని, పెన్సిళ్ళు అరగదీసుకుని చస్తుంటే తమాషా చూశారా?"

బాబాయి చెప్పులు దొరక్కుండానే బయటికి వెళ్ళిపోయాడు.

ఇక పిన్నే చెప్పింది. "వదినా, మీరు కోపం తెచ్చుకోకూడదు" అని మొదలెట్టి, ఫోనులో రికార్డు చేసింది వినిపించింది. కండక్టరమ్మ పూర్తిగా వింది. "ఫోనులో ఎవరి గొంతైనా అలాగే వస్తుంది" అని సంచీ తీసుకుని లేచి వెళ్ళిపోయింది. తరవాతి ఆదివారం రాలేదు. పిన్ని పైకి పీడా వదిలిందంది గానీ, సాయంత్రం దాకా వీధి తలుపు తీసే ఉంచింది.

వారం మధ్యలో ఒక పొద్దున కండక్టరమ్మ తనే వచ్చింది. కూర్చోకుండానే అంది. "బస్సు ఎక్కేవాళ్ళు పెరిగేకొద్దీ గొంతు పెంచాలిగా. ఉద్యోగమంతా అదే చేశాను. ఎక్కడ ఆపాలో నాకు తెలీదమ్మా."

పిన్ని ఆవిడని కూర్చోబెట్టింది. కాఫీ పెట్టింది. ప్రతి చరణానికీ ముందు ఒక తీగని గట్టిగా మీటుతాను, దాన్ని పట్టుకుని ఎత్తుకోండి అంది. ఇంట్లో చక్కగా కుదిరింది.

డిపో హాల్లో జనం కిక్కిరిసిపోయారు. అంతమందిని చూసేసరికి కండక్టరమ్మకి బస్సు గుర్తొచ్చినట్టుంది. రెండో చరణానికే ఎక్కడం మొదలెట్టింది. పిన్ని తీగ మీటింది. కండక్టరమ్మ ఒక చూపు చూసి దిగొచ్చింది. మూడో చరణానికి మళ్ళీ ఎక్కింది. పిన్ని ఇంకా గట్టిగా మీటింది. వినలేదు. తీగలు బిగించే మరల మీదికి పోబోయిన చేతిని పిన్ని వెనక్కి తీసుకుంది. గిటారుని ఒళ్ళో బోర్లా పెట్టుకుని, చేతులు కట్టుకుని కూర్చుంది.

కండక్టరమ్మ ఒక్కతే పాడింది. గొంతు హాలంతా నిండిపోయింది. చప్పట్లు ఆగలేదు.

డిపో మేనేజరు వచ్చి పిన్ని చెయ్యి పట్టుకుని ఊపాడు. "చివర్లో గిటారు ఆపేసి గొంతు ఒక్కటే వదిలారు చూడండి, అక్కడ ఒళ్ళు జలదరించిందండీ! ఎవరి ఆలోచన?"

పిన్ని నోరు తెరిచేలోపే కండక్టరమ్మ అందుకుంది. "మా మరదలిదే. వాయించడం చాలామందికి వచ్చు, ఆపడం దానికొక్కదానికే తెలుసు. వచ్చే నెల ఇంకో డిపో వాళ్ళు పిలిచారు, అక్కడా ఇలాగే చేస్తుంది."

పిన్ని బాబాయి వైపు చూసింది. బాబాయి అప్పటికే తలుపు దాకా వెళ్ళిపోయాడు.