నాలుగు మీటర్ల తాడిపత్రి

సిరొంచలో నన్ను బేరంలో ఓడించినవాడు ఇంకా పుట్టలేదు. మొన్నటి వానాకాలం ఏడు మీటర్ల తాడిపత్రి, అదే టార్పాలిన్, చుట్టను ముక్క కాకుండా కాపాడుకున్నాను. అంతకుముందే ఈ విషయంలో ఒక పునీతుడితో కూడా వాదించి గెలిచాను.

ఆ పునీతుడు మా దుకాణం గోడమీద క్యాలెండర్‌లో ఉంటాడు. క్యాథలిక్ మఠంవాళ్ల దవాఖానలో పనిచేసే సిస్టరమ్మ తెచ్చి తగిలించింది. గుర్రం మీద ఒక సిపాయి తన దుప్పటిని కత్తితో రెండుగా కోస్తుంటాడు. కింద చలికి వణికే బిచ్చగాడు.

“సగం ఆయనకిచ్చిండు, సగం తను కప్పుకున్నడు” అంది సిస్టరమ్మ.

“బట్టల యాపారం తెల్వని మనిషి సిస్టరమ్మా. కోస్తే రెండు ముక్కలకూ ధర పోతది. ఇస్తే మొత్తం ఇయ్యాలె.”

“మొత్తం ఇచ్చెటోనివి నువ్వేనా సేటూ?”

దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను.

వారం తిరక్కుండా ముసురు పట్టింది. బామ్ని అవతలి అడవి ఊరినుంచి ఒకామె తలమీద గోనెసంచి కప్పుకుని వచ్చింది. అడవిలో ఏరిన సారపలుకులు ఏటా మాకే అమ్మేది. ఆ రోజూ ఒక చిన్న మూట తెచ్చింది.

“గోడ నానుతున్నది సేటూ. దాని పక్కనే మా అవ్వ మంచం. లేవలేదు. నాలుగు మీటర్లియ్యి, గోడకు కడత.”

నాలుగు కోస్తే మూడు మిగులుతుంది. మూడు మీటర్ల ముక్కను ఎవరూ కొనరు.

“ఏడూ తీస్కో. పలుకులు ఇంకిన్ని తే.”

“ఇవే ఉన్నయి.”

“ఇగ నీ ఇష్టం.”

ఆమె మూట తీసుకుని మెట్లు దిగింది. గిరాకీని మలుపుదాకా పోనిచ్చి, వెనక్కి చూసినప్పుడు పిలవాలని మా నాన్న నేర్పాడు. అడవి ఊళ్లవాళ్లు ఒక్కసారే అడుగుతారు, కాదంటే వెళ్లిపోతారు. ఇన్నేళ్లు వాళ్లతో వ్యాపారం చేశాను, ఆ సంగతి తెలియదని ఎలా అనగలను? అయినా ఆమె తిరిగి చూస్తుందనే కత్తెర పట్టుకుని గడపలో నిలబడ్డాను. చూస్తే కోసేవాణ్ణే. ఆమె చూడలేదు. మలుపు తిరిగిపోయింది.

మూడోరోజు సిస్టరమ్మ మోకాళ్లదాకా బురదతో వచ్చింది.

“పలుకులమ్మేటామె ఇంటి గోడ కూలింది సేటూ. మంచం మీదనే పడ్డది.”

“ముసలమ్మ?”

“పోయింది. వాన ఆగుతలేదు, పీనుగ తడుస్తున్నది. తాడిపత్రి ఉన్నదా?”

“ఎన్ని మీటర్లు?”

నా నోటికి వచ్చింది అదే. ఆమె నా ముఖంలోకి చూసి, “మనిషంత” అంది.

రెండు మీటర్లు కోశాను. క్యాలెండర్ ఊసు ఆమె ఎత్తలేదు.

ఇప్పుడు గిరాకీ మెట్టు దిగకముందే కోస్తున్నాను. సిపాయి ముక్కల ధర చూడలేదు, బిచ్చగాడు రెండోసారి అడిగేదాకా ఆగలేదు. ఆ పాఠం గోడమీదే ఉండగా నేను చదవలేదు.

తాడిపత్రి కట్టినా ఆ గోడ కూలేదేమో. అది నాకు కలిసొచ్చే లెక్క కనుక పక్కన పెడుతున్నాను. పలుకులమ్మే ఆమె మళ్లీ మా దుకాణానికి రాలేదు. మిగిలిన అయిదు మీటర్లు అలాగే ఉన్నాయి. మూడు మీటర్ల ముక్క దండగవుతుందని ఒక అవ్వను పోగొట్టాను.