మబ్బు రోజు మేత

బాబుకి అప్పుడు నాలుగో నెల. వాడి గుండె కండరం పాలలోని శక్తిని సరిగా వాడుకోలేకపోతోందని చెప్పి ఏలూరు డాక్టరుగారు మందు రాసిచ్చారు. ఎక్కువ తాగితే బలం వస్తుందనుకుని, తాడేపల్లిగూడెం వెళ్లే పాసింజరులో వాడి నోట్లోంచి పాలసీసా తియ్యకుండా కూర్చున్నాను. వాడు రొప్పుతున్నాడు. నుదురంతా చెమట.

ఎదుటి సీటులో కొల్లేరు చేపల చెరువుల్లో పనిచేసే పెద్దావిడ కూర్చుని ఉంది.

“మబ్బు పట్టిన పొద్దున మేం చేపలకి మేత వెయ్యమండి. నీళ్లలో గాలి తక్కువుంటాది. అప్పుడు తింటే, అరిగించుకోడానికే ఉన్న ఓపికంతా అయిపోద్ది” అంది.

“ఆకలికి చచ్చిపోవా అండీ?”

“ఒక్కపూట ఆకలికి ఏ చేపా చావదమ్మా. మన ఆత్రానికే చస్తాది.”

అన్నాక నాలుక కరుచుకుంది. సీసా మెల్లగా తీసుకుని, వాడి నుదురు కొంగుతో తుడిచింది. ఊపిరి కుదుటపడ్డాకే తిరిగి ఇచ్చింది. కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పట్టమని తర్వాత డాక్టరుగారూ చెప్పారు.

ఆవిడ భీమడోలులో దిగిపోయింది. పేరడగలేదు.

ఇప్పుడు వాడికి మూడేళ్లు. భీమడోలులో రైలు ఆగినప్పుడల్లా వాణ్ణి కిటికీ దగ్గర నిలబెడతాను. ప్లాట్‌ఫారం మీద ఏ పెద్దావిడ కనిపించినా వాడు నావైపు తిరిగి, “ఈవిడేనా అమ్మా?” అంటాడు.