పచ్చి పోగు మీద ముడి

సోలాపూర్ నీలం నగర్‌లో మరమగ్గాల షెడ్లున్న ఏ వీధిలోనైనా సిద్ధరాములు పేరు చెబితే చాలు. ఆయన పని అచ్చు అతకడం. మగ్గం మీద పాత పడుగు అయిపోయే వేళకు, దాని పోగుల కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా ముడేయాలి. ఒక్కో చద్దరు మగ్గానికి రెండు వేల పైచిలుకు ముళ్లు. యాభై ఎనిమిదేళ్లొచ్చినా ఒక్క పోగును పక్కదానితో తారుమారు కానివ్వడు. ఇలాంటివాళ్లను చదువు రాని జ్ఞానులని పొగడడం మనకు అలవాటు. ఆ పొగడ్తే ఇక్కడ చేటు చేసింది.

ఆయన కూతురు నమ్రతకు తొలి చూలు. ఏడో నెల సోనోగ్రఫీలో బిడ్డ గుండె దగ్గర ఏదో తేడా కనబడింది. ఉమ్మనీరు తక్కువ కావడంతో బొమ్మ స్పష్టంగా రాలేదు. పుణే వెళ్లి ఎమ్మారై తీయించమన్నారు. అల్లుడు వీరేష్ అశోక్ చౌక్ దగ్గర యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో పనిచేస్తాడు. సెలవు దొరకలేదు. దాంతో తండ్రే తీసుకెళ్లాడు.

మట్టెలు, పుస్తెలు తీసి తండ్రి చేతిలో పెట్టి నమ్రత ఎమ్మారై గొట్టంలోకి వెళ్లింది. ఎడమ పక్కకు ఒత్తిగిలి ముప్పావు గంట పడుకుంది. కదిలే బిడ్డలో, కొట్టుకుంటూనే ఉన్న అంత చిన్న గుండెకు బొమ్మ తీయడం తేలిక కాదు. అయినా తీశారు. బయటికి వచ్చి, దీని మోతకన్నా మన మగ్గాలే నయం బాపు అని నవ్వింది.

డాక్టరు మరాఠీలో వివరించాడు. గుండెలోంచి బయలుదేరే రెండు పెద్ద రక్తనాళాలు ఒకదాని చోట ఒకటి ఉన్నాయి. కడుపులో ఉన్నంత కాలం బిడ్డకు ఫరవాలేదు. పుట్టాక రెంటినీ కోసి సరైన చోట కుట్టాలి. నమ్రత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాతి మాటలేవీ ఆమె చెవిన పడలేదు. సిద్ధరాములు మాత్రం తల ఊపి, రెండు పోగులు తారుమారైతే తామూ అంతేనని, తెంపి దేని చోటుకు దాన్ని పంపుతామని అన్నాడు. డాక్టరు ముఖం వెలిగింది.

"శాబాస్ కాకా, మా స్టూడెంట్లకు మీరే పాఠం చెప్పాలి."

ఆ మాట సోలాపూర్‌కు ఆయనకన్నా ముందే చేరినట్టుంది. వారం రోజులు ఆయన వీధి వీధికీ గుండె గురించి చెప్పాడు. పుణేలోనే గది తీసుకుని కాన్పు అక్కడే చేయిద్దామని వీరేష్ అన్నప్పుడు, తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలని అత్త, అంటే నమ్రత తల్లి చంద్రభాగ, బీడీలు చుడుతూనే కసురుకుంది. సిద్ధరాములు దగ్గర అంతకన్నా గట్టి కారణముంది.

"గంజి ఆరని పచ్చి పోగు మీద ముడేస్తే నిలుస్తదా అల్లుడా? జారిపోతది. పిల్లను జర గట్టిపడనియ్యి. ఇరవై ఒకటో దినం కాంగనే నేనే తీస్కపోత."

"నువ్వేమన్న డాక్టరువా మామా?"

"డాక్టరే నన్ను పాఠం చెప్పుమన్నడు."

ఇంగ్లీషు రిపోర్టు మామ బీరువాలో ఉంది. అడిగితే పెద్దాయనను అనుమానించినట్టవుతుందని వీరేష్ ఊరుకున్నాడు. మర్యాద అంటే అదేననుకుంటాం కదా.

ఇంటి దగ్గరి ఆసుపత్రిలో కాన్పు తేలిగ్గా అయింది. ఆడపిల్ల. గుండె సంగతి తర్వాత పుణేలో చూపించుకుంటామని సిద్ధరాములు అక్కడివాళ్లకు చెప్పాడు. రెండో రోజు పొద్దున పాప పాలు పట్టలేదు. పెదవులు, గోళ్లు నీలం తిరిగాయి. అంబులెన్సు పుణే దారి పట్టింది. పాప ప్రాణం దారిలోని టెంభుర్ణి దాటలేదు.

పలకరించడానికి వచ్చినవాళ్లంతా రాత అన్నారు. రాత ఉన్నమాట నిజమే, బీరువాలో, ఇంగ్లీషులో. వారం తర్వాత వీరేష్ దాన్ని బయటికి తీసి, ఇంట్లోవాళ్ల ముందు ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాడు. గుండె ఆపరేషన్ చేసే ఆసుపత్రిలోనే కాన్పు జరగాలి. పుట్టగానే మందు మొదలుపెట్టాలి. మొదటి రెండు వారాల్లోనే ఆపరేషన్. ఇవి డాక్టరు నోటితో చెప్పలేదా అని మామను అడిగాడు.

సిద్ధరాములు తన వేళ్లకేసి చూసుకున్నాడు. జవాబు అల్లుడికి కాక కూతురికి చెప్పాడు.

"చెప్పే ఉంటడు బిడ్డా. శాబాస్ అన్నడు గదా. అటెన్క ఏమన్నడో నేను ఇనలే."

నమ్రత లేచి లోపలికి వెళ్లి, పాలతో తడిసిన జాకెట్టు మార్చుకుంది.