మూల కోసిన పరుపు

టర్కీ కోడిని కోసే కరెంటు కత్తితో మేవిస్ తన మొగుడి పరుపును రెండు ముక్కలు చేసిందనీ, ఒరిన్ అప్పట్నుంచీ ట్రక్కులోనే పడుకుంటున్నాడనీ ఆ జనవరి నెలంతా బట్టలుతికే షెడ్డులో చెప్పుకున్నారు. యూమా ఊరి బయట, ఎడారి అంచున ఉన్న ఆ ట్రైలర్ పార్కులో రెండు వందల కుటుంబాలకు కలిపి ఎనిమిది వాషింగ్ మెషీన్లు. మెషీన్ ఆగేదాకా కూర్చోవడానికి రెండు బెంచీలు. ఏ మాట అయినా ఆ బెంచీల మీద ఒకసారి కూర్చుంటే, లేచేటప్పటికి కాస్త లావెక్కి లేస్తుంది.

"రెండు ముక్కలా? నాలుగని విన్నానే!"

"అసలు కత్తి తీసింది పరుపు కోసం కాదట. ఆయన పక్కకి తప్పుకున్నాడు, పరుపు దొరికిపోయింది."

"పాపం ఒరిన్. ఎవర్నీ పల్లెత్తు మాట అనడు."

"అలాంటి వాళ్లకే దొరుకుతారమ్మా ఇలాంటి పెళ్లాలు."

మేవిస్ చెవిన ఆ మాటలు పడలేదు. పడినా జవాబు చెప్పే మనిషి కాదు. నార్త్ డకోటాలో ఒక చిన్న ఊరి బడి వంటగదిలో ముప్పై ఒక్క ఏళ్లు వండి వడ్డించింది. వద్దు మొర్రో అన్న పిల్లల కంచాల్లో కూడా ఒక గరిటె బఠాణీలు వేసి, అవి తినేదాకా ఎదురుగా నిలబడేది. ఎవరికేం కావాలో చూసి తెలుసుకునేది కానీ, తనకేం కావాలో నోరు తెరిచి అడగడం ఆమెకు ఎప్పుడూ అలవాటు కాలేదు.

ఒరిన్ ధాన్యం గోదాములో పని చేసి నాలుగేళ్ల కిందట రిటైరయ్యాడు. ఆ ఏడాదే ఇల్లు అమ్మి చక్రాల మీది ఇల్లు కొన్నారు. ఎండాకాలం ఉత్తరాన చెరువు ఒడ్డున, మంచు మొదలయ్యే ముందు మళ్లీ దక్షిణానికి. ఆలోచన ఒరిన్‌దే. మేవిస్‌కు ఇల్లు వదలడం ఇష్టం లేదు. వాళ్లమ్మ ఇచ్చిన ఓక్ చెక్క బల్ల ఒకటి ఉండేది. రెక్కలు తెరిస్తే పన్నెండు మంది కూర్చోవచ్చు. క్రిస్మస్ ముందు దాని మీదే బంగాళాదుంపల లెఫ్సా రొట్టెలు పల్చగా ఒత్తేది. దాన్ని సామాన్ల గోదాములో దాచుకుందామని ఆమె అంటే ఒరిన్ ఒప్పుకోలేదు.

"ఎందుకు మేవ్, మళ్లీ ఇల్లెక్కడ? ఇదే మన ఇల్లు. ఇందులోంచి మనల్ని నలుగురు మోసుకెళ్లాల్సిందే, మనంతట మనం దిగేది లేదు."

అంత మాట అన్నాక ఆమె ఇక ఏమంటుంది? బల్లను చర్చికి ఇచ్చేసింది. పెద్ద పొయ్యి పక్కింటివాళ్లకు, కుట్టు మిషను మేనకోడలికి. ట్రైలర్ ఎక్కేటప్పటికి ఆమె వస్తువులు రెండు అట్టపెట్టెల్లో సర్దుకున్నాయి.

కొత్త ఇంట్లో ఆమె కోరింది ఒక్కటే. పరుపు మార్చమని.

ట్రైలర్‌తో పాటు ఫ్యాక్టరీవాళ్లు ఇచ్చే పరుపు గురించి పార్కులో ఎవర్ని కదిపినా కథలే. కొన్న నెలలోపే దాన్ని తీసి చెత్తకుండీ దగ్గర నిలబెట్టడం అక్కడివాళ్లకు గృహప్రవేశం లాంటిది. నాలుగు వేళ్ల మందం నురుగు ముక్క, దాని కింద చెక్క. ఇంటి పరుపు కన్నా అయిదు అంగుళాలు పొట్టి. వీళ్ల ట్రైలర్‌లో మంచం, వెనక గోడ కలిసి ఒక బటన్ నొక్కితే బయటికి జరుగుతాయి, ప్రయాణానికి ముందు మళ్లీ లోపలికి వస్తాయి. అప్పుడు పరుపు కాళ్లవైపు చివర ఎదురుగా ఉన్న బీరువాకు ఆనీ ఆనకుండా ఆగుతుంది. పక్కనే స్నానాల గది తలుపు తెరుచుకోవాలి కాబట్టి, ఒరిన్ పడుకునే వైపు కాళ్ల దగ్గరి మూలను గుండ్రంగా కోసి పంపారు.

ఒరిన్ ఆ పరుపును మార్చలేదు. మార్చకపోగా దాని మీది ప్లాస్టిక్ తొడుగు కూడా విప్పనివ్వలేదు. దుమ్ము పడుతుందన్నాడు. మేవిస్ దాని మీద దుప్పటి పరిచి, ఆ దుప్పటి మీద ఇంకొకటి పరిచింది. అయినా పక్కకి ఒత్తిగిల్లితే చాలు, కింద ప్లాస్టిక్ కరకరలాడేది. తుంటి ఎముక చెక్కకు ఒత్తుకునేది. తెల్లారి లేచి నిలబడటానికి బీరువా పిడి పట్టుకోవాల్సి వచ్చేది.

"వచ్చే ఏడాది చూద్దాంలే," అనేవాడు ఒరిన్. మరుసటి ఏడాది కూడా అదే అనేవాడు.

జనవరి మొదట్లో ఒక మంగళవారం పొద్దున ఒరిన్ గుర్రపు నాడాలు విసిరే ఆట ఆడటానికి వెళ్లాడు. మేవిస్ కాఫీ గిన్నె కడుగుతుంటే తలుపు చప్పుడైంది. బయట టూసాన్ నుంచి వచ్చిన ఒక జంట. ఆయన చేతిలో కొలత టేపు, ఆమె చేతిలో ఫోను.

"క్షమించండి, ఒక రోజు ముందే వచ్చేశాం. ఇటే పని పడింది," అన్నాడు ఆయన. "ఒరిన్ గారు ఉన్నారా? బండి ఒకసారి చూసి పోదామని."

"ఏ బండి?"

"ఇదేనండీ. అమ్మకానికి పెట్టారు కదా."

మేవిస్ తలుపు వదిలి పక్కకి జరిగింది. వాళ్లకు అది రమ్మన్నట్టు కనిపించింది. లోపలికి వచ్చి, బొమ్మల కొట్లో పిల్లల్లా ఒక్కో తలుపూ తెరిచి చూశారు. ఆ వచ్చినావిడ నేరుగా పడకగదిలోకి వెళ్లి, దుప్పట్లు ఓ మూల ఎత్తి, కింద ప్లాస్టిక్ చూసి మురిసిపోయింది.

"నిజమే చూడు, ఫ్యాక్టరీ తొడుగు కూడా తియ్యలేదు! దీని మీద ఎప్పుడూ పడుకోలేదా మీరు?"

"నేనా?" అంది మేవిస్.

"ప్రకటనలో రాశారుగా." ఫోను ఆమె ముందు పెట్టింది.

మేవిస్ కళ్లజోడు పెట్టుకుని చదివింది. అన్నీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయనీ, పరుపు దాదాపు వాడనే లేదనీ రాసి ఉంది. కింద ఒరిన్ ఫోను నంబరు. ప్రకటన పెట్టిన తేదీ అక్టోబరులోది, తామిద్దరూ ఇటు బయల్దేరడానికి వారం ముందుది.

నాలుగేళ్ల తుంటి నొప్పి ఒక్క ముక్కతో ఎగిరిపోయింది. ఆ పరుపు మీద తను అసలు పడుకోనే లేదట.

"ఆయన లేరు," అంది. "శనివారం రండి."

మధ్యాహ్నం ఒరిన్ వచ్చి చేతులు కడుక్కుని కూర్చున్నాడు. ఆమె సూపు గిన్నె ముందు పెట్టి, ఎదురుగా నిలబడింది.

"టూసాన్ వాళ్లు వచ్చారు."

చెంచా గాలిలో ఆగింది. "రేపు కదా రావాల్సింది?"

అతని నోటి నుంచి మొదట వచ్చిన మాట అది. తర్వాతి రోజుల్లో మేవిస్ దేన్నైనా క్షమించగలిగిందేమో కానీ, ఆ మాటను మాత్రం మింగలేకపోయింది.

"నాకెప్పుడు చెప్పేవాడివి?"

"ఇవాళ రాత్రి చెబుదామనుకున్నాను. కొనేవాళ్లు దొరక్కముందే నిన్ను కంగారు పెట్టడం ఎందుకని."

"సంతకం నేనూ పెట్టాలిగా. బండి కాగితం మీద నా పేరు కూడా ఉంది."

"నువ్వు పెట్టకుండా ఉంటావా?" అన్నాడు. వెటకారంగా అనలేదు. నిజంగానే అలాంటి సంగతి ఒకటి ఉండొచ్చని అతనికి తట్టలేదు. "చూడు మేవ్, నా మోకాళ్లు ఇక ఈ మెట్లు ఎక్కలేవు. మా తమ్ముడు లోవెల్ వాళ్ల ఊళ్లో పెద్దవాళ్ల అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. మంచివి."

"ఇల్లు అమ్మిన రోజు ఏమన్నావు?"

"అప్పుడు నువ్వు ఏడుస్తున్నావు. ఏదో ఒకటి అనాలి కదా."

"మరి నా బల్ల?"

"బల్లేంటి ఇప్పుడు?"

"నాది అంతా పంచిపెట్టించావు. నీది మాత్రం ప్లాస్టిక్ విప్పకుండా దాచుకున్నావు. మొదటి రోజు నుంచీ తిరిగి వెళ్లడానికి తయారుగానే ఉన్నావు, ఒరిన్. నన్ను మాత్రం తలుపు మూసుకుని రమ్మన్నావు."

ఒరిన్ సూపులో చెంచా తిప్పుతూ కూర్చున్నాడు. కాదంటాడేమోనని ఆమె చాలాసేపే నిలబడింది.

శుక్రవారం పొద్దున మేవిస్ పక్క ట్రైలర్‌లో ఉండే జోరీన్ దగ్గరికి వెళ్లి, ఊళ్లోకి తీసుకెళ్లమని అడిగింది. జోరీన్ నోరు, కాళ్లు రెండూ ఒక్కచోట ఆగేవి కావు.

"ఏం కొంటావే?"

"పరుపు."

"ఎట్టకేలకు! మేము కొన్న రెండో రోజే పారేశాం. నువ్వేమో నాలుగేళ్లు దాంతో కాపురం చేశావు. ఒరిన్ ఒప్పుకున్నాడా?"

"అడగలేదు."

జోరీన్ ఆమె వైపు తిరిగి చూసి, ముందున్న లారీని గుద్దబోయి తప్పించింది.

పరుపుల కొట్టువాడు ట్రైలర్ కొలత పరుపు తెప్పించాలంటే రెండు వారాలు పడుతుందన్నాడు. మేవిస్‌కు ఉన్నది ఒక్క రోజు. ఎనిమిది అంగుళాల మందంది, ఇంటి కొలతది, చుట్టగా చుట్టి పెట్టెలో ఉన్నది కొనేసింది. తెచ్చి, ట్రైలర్ పందిరి కింద రెండు బల్లలు చేర్చి వాటి మీద విప్పితే, సాయంత్రానికి అది రొట్టెలా పొంగి నిలిచింది. ఒరిన్ వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"రేపు వాళ్లొస్తున్నారు. ఇవాళే కొనాలా ఇది?"

"ఇవాళే."

శనివారం ఎండెక్కేసరికి ఆమె పాత పరుపును ఈడ్చుకుంటూ బయటికి తెచ్చింది. ప్లాస్టిక్ తొడుగును కూరగాయల కత్తితో ఈ చివర నుంచి ఆ చివరకు చీల్చింది. కొత్త పరుపును, గీత గీసే సిరా మరకలు పైకి కనిపించకూడదని, ముఖం కిందకి ఉండేలా తిప్పి పెట్టింది. పాతదాన్ని తీసి, మామూలుగా పరిచినట్టే దాని మీద పరిచి, అంచు వెంట గీత గీసింది. తర్వాత కరెంటు కత్తి తెచ్చింది. నురుగు పరుపును అంత నున్నగా కోసే పరికరం ఇంకొకటి లేదని పార్కులో అందరికీ తెలుసు. పండక్కి తప్ప బయటికి రాని ఆ కత్తి ఒకసారి చేతులు మారితే సగం పార్కు తిరిగి వస్తుంది.

కత్తి గర్రుమంది. ముందు పొడవులో అయిదు అంగుళాలు తీసేసింది. తర్వాత మూల. వంపు చక్కగా వచ్చింది. పిల్లల పుట్టినరోజు కేకు కోసినంత జాగ్రత్తగా కోసింది. దులిపి, పరుపును తిరగేసి చూసి, అలాగే నిలబడిపోయింది.

కోసిన మూల ఒరిన్ వైపు రావాలి. తన వైపు వచ్చింది. ముఖం కిందకి పెట్టి గీసిన గీత, తిరగేసేసరికి అటుది ఇటయింది. ఇప్పుడు దీన్ని మళ్లీ తిప్పి పరుద్దామంటే, మెత్తటి పొర పైవైపే ఉంది, కిందకి పోతే ఇక పాత పరుపు లాంటిదే.

సరిగ్గా అప్పుడే టూసాన్ వాళ్ల కారు వచ్చి ఆగింది. ఆవిడ దిగి, నేల మీద పొట్ట చీల్చినట్టు పడి ఉన్న ప్లాస్టిక్‌ను చూసింది. మేవిస్ చేతిలో కత్తిని చూసింది. మళ్లీ కారు తలుపు పట్టుకుంది.

"ఒరిన్ గారూ?" అన్నాడు ఆయన, మెట్ల మీద నిలబడ్డ ఒరిన్ వైపు చూసి. "ఏదీ ముట్టుకోలేదని రాశారు."

ఒరిన్ నోరు తెరిచాడు. మేవిస్ కత్తి పక్కన పెట్టింది.

"ఇది అమ్మడం లేదండీ," అంది. "నా సంతకం లేకుండా అమ్ముడుపోదు. నేను పెట్టడం లేదు. మిమ్మల్ని రెండుసార్లు తిప్పాను, తప్పు నాది. పరుపు వాడలేదన్న మాట మాత్రం అబద్ధం. రోజూ వాడాను."

అంత పొడుగు మాట ఆమె పరాయివాళ్లతో ఎన్నడూ అనలేదు. వాళ్లు వెళ్లిపోయారు. పక్క ట్రైలర్ దగ్గర జోరీన్, ఇంకో ఇద్దరు కుర్చీల్లోంచి లేచి మరీ చూస్తున్నారు. ఒరిన్ మెట్లు దిగి, ఎవరి వైపూ చూడకుండా వెళ్లి ట్రక్కులో కూర్చుని తలుపు వేసుకున్నాడు. రేడియో పెట్టుకున్నాడు. ఆ ముగ్గురూ చూసింది అక్కడి వరకే. షెడ్డులో వాళ్ల బట్టలు అయిపోయే టైమయింది.

మేవిస్ పరుపును మళ్లీ బోర్లా తిప్పింది. రెండో మూల కూడా కోస్తే తప్ప స్నానాల గది తలుపు తెరుచుకోదు. తప్పు మూల పోయింది, పోనీ, అక్కడ తన కాళ్లే కదా వేలాడేవి. కత్తి పెట్టింది. కానీ ఈసారి పరుపు నిలవలేదు. చివర కోశాక తేలికై, కత్తి అదురుకు బల్ల మీద జారుతోంది. ఒక చేత్తో ఆపి, ఒక చేత్తో కోసింది. కుదరలేదు. కాస్త దూరం కోసి ఆగింది. తుంటి సలుపుతోంది. ఎడమ మోచేత్తో అదిమి మళ్లీ మొదలుపెట్టింది. గీత తప్పింది.

రేడియో ఆగింది. ట్రక్కు తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది కానీ ఆమె తల ఎత్తలేదు. రెండు పెద్ద అరచేతులు వచ్చి పరుపు అంచు మీద ఆనాయి.

"నేను సంతకం పెట్టను," అంది ఆమె, కత్తి మీది నుంచి చూపు తిప్పకుండా.

"విన్నాను."

"క్షమించాననుకోకు."

"అనుకోవడం లేదు. కొయ్యి."

ఆమె కోసింది. షెడ్డులో చెప్పుకునే కథలో లేనిది ఇదొక్కటే: రెండోసారి కోసిన మూల ఒరిన్ పడుకునే వైపుది, అది కోస్తున్నంతసేపూ పరుపును కదలకుండా పట్టుకున్నది ఒరినే.