వసుమతి వేయని చుక్కలు

పంజాగుట్టలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో వసుమతిది పంతొమ్మిదేళ్ల సర్వీసు. గాలి తగిలితే చచ్చిపోయే బ్యాక్టీరియాను పెంచడంలో చేయి తిరిగిన మనిషి. వాటిని పెంచే జాడీ మూత తీయగానే వచ్చే వాసనను బట్టే అదేమిటో చెప్పేస్తుందని అందరూ అనేవారు. ఆ మాట వినడం ఆమెకు మహా ఇష్టం.

మొన్న వేసవిలో ల్యాబు పెద్ద డాక్టర్ ఉదయలక్ష్మి ఆమెకు నలభై నమూనాలు అప్పగించింది. అన్నీ రోగుల చీము నుంచి తీసి పెంచినవే. పైత్యరసంలో బతుకుతుందా, ఏ చక్కెరను పులియబెడుతుంది, ఇండోల్ అనే రసాయనాన్ని తయారుచేస్తుందా అని ఒక్కొక్కదాన్నీ పరీక్షించి గుంపులుగా విడదీయాలి. ఇండోల్ పరీక్ష చిన్నదే. ట్యూబులో నాలుగు చుక్కల మందు వేస్తే, ఇండోల్ ఉంటే పైన ఎర్ర రింగు వస్తుంది, లేకపోతే రాదు. ముప్పై దాకా ఓపికగా చేసింది. మిగిలిన పదింటికి వాసన చూసి ‘నెగెటివ్’ అని రాసేసింది.

సరిచూసే పని భీమవరం నుంచి కొత్తగా వచ్చిన హైందవికి పడింది. ఆ పదింటిలో నాలుగింటికి ఎర్ర రింగు వచ్చింది.

“వసుమతి గారు రాసింది తప్పవుతుందా? నువ్వే ట్యూబులు తారుమారు చేసుంటావు,” అని డాక్టర్ అందరి ముందూ కసిరింది.

హైందవి తల దించుకుంది. పక్కనే సింకు దగ్గరున్న వసుమతి కడిగిన చేతులే మళ్లీ కడుక్కుంది.

ఆ సాయంత్రం అమీర్‌పేట మెట్రోలో రైలు మారేచోట హైందవి ఎదురైంది. “మేడం, మీరెలా చేస్తారో ఒకసారి చూపిస్తారా? నా చేతిలోనే ఏదో లోపం ఉన్నట్టుందండి.”

వసుమతికి చెవులు కాలిపోయాయి. “రేపు చూద్దాం బిడ్డా,” అంటూ ముందు వచ్చిన రైలెక్కేసింది. అది తను ఎక్కాల్సిన రైలు కాదు.

పొద్దున్నే డాక్టర్ గదిలోకి వెళ్లి నిలబడింది. “మేడం, గా పిల్ల తప్పేం లేదు. గా పది నేను చెయ్యనే లేదు. వాసన చూసి రాసిన.”

డాక్టర్ రిజిస్టరు ముందుకు లాక్కుంది. “ఇదివరకు ఎన్నిసార్లు ఇలా రాశారు?”

“యాదికి లేదు మేడం.” ఆ జవాబుకు ఆమె తనే సిగ్గుతో చితికిపోయింది.

నలభై నమూనాలూ మొదటి నుంచి మళ్లీ చేశారు. పరీక్షలు హైందవి చేసింది, వసుమతి జాడీలు అందించింది. ఆర్నెల్ల పాటు వసుమతి రిపోర్టుల మీద ఇంకొకరి సంతకం కూడా ఉండాలన్నారు. క్షమించమని అడిగితే హైందవి “పర్లేదండి” అంది, ముఖం చూడకుండా.

ఇదివరకు అందరితో కలిసి తినే వసుమతి ఇప్పుడు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని ఒక్కతే మెట్ల మీద కూర్చుని తింటోంది.